నానమ్మ లాకెట్: నడుమ ఉన్నది గాజేనట, మరి చుట్టూ బంగారం ఎందుకు?

మెట్టుగూడ_మనవరాలు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు మీ సాయం కావాలి.

మా నానమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక ఆమె బీరువా సర్దుతుంటే పట్టుచీర మడతల్లో ఒక లాకెట్ గొలుసు దొరికింది. నానమ్మ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు గౌన్లు కుట్టేది. వాళ్లలో ఒక దొరసానమ్మ ఆస్ట్రేలియాకు వెళ్లిపోతూ కుట్టుకూలి బాకీ కింద ఇది ఇచ్చిందని నాన్న చెప్తున్నారు. నానమ్మ దాన్ని మెడలో వేసుకోగా మాలో ఎవరూ చూడలేదు.

లాకెట్ కోలగా ఉంది, నిలువు 3 సెంటీమీటర్ల పైన. నడుమ ఒకే పెద్ద రాయి, చింతగింజ కంటే కొంచెం పెద్దది. దాని చుట్టూ ఎనిమిది చిన్న ఎర్ర రాళ్లు. పెద్ద రాయి రంగు చెప్పడం కష్టం. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే డికాక్షన్ రంగు. అరచేతిలో పెట్టుకుని పైనుంచి చూస్తే నెమలి మెడ నీలం. వెనక వైపు చిన్న అచ్చులున్నాయి: 15 అని, పక్కన చుక్క పెట్టి 625 అని, ఒక లంగరు బొమ్మ. ఇంకొకటి అరిగిపోయింది.

శనివారం ఒక పెద్ద షాపుకు తీసుకెళ్లాం. పేరు వద్దు. కౌంటర్లో ఉన్నతను మమ్మల్ని అడగకుండానే "మురికి పట్టింది, కడుగుతా" అని దాన్ని నీళ్లలో వణికించే మెషిన్లో వేశాడు. తీసి చూస్తే ఎర్ర రాళ్లలో ఒకటి బూడిద రంగుకు తిరిగింది. తర్వాత టెస్ట్ చేసి, "62.7 శాతం వచ్చింది, ఇది మన 22 క్యారెట్ కాదు. రాళ్లన్నీ గాజే. గాజు బరువు తీసేస్తే 9 గ్రాములు, కరిగిస్తే ఇంత" అని కాగితం మీద రాసిచ్చాడు. అమ్మ అక్కడే అమ్మేద్దామంది. నేనే ఆపి తెచ్చాను.

ఇది నకిలీయేనా? ఆ రాయి మళ్లీ బాగవుతుందా? అమెరికాలో ఉన్న బాబాయి కూతురు, పంపిస్తే ఆన్‌లైన్‌లో అమ్మిపెడతానంటోంది. అసలు లాకెట్ ఇంతవరకు తెరవలేదు, గోరుతో ప్రయత్నిస్తే రాలేదు. నాలుగు ఫోటోలు పెడుతున్నాను.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 9:40

అమ్మా, షాపతను లెక్క తప్పు చెప్పలేదు. 9 గ్రాముల్లో 62.5 శాతం అంటే అసలు బంగారం 5.6 గ్రాములు. గాజుకు మన బజార్లో ధర లేదు. కడిగే ముందు అడగకపోవడం మాత్రం పెద్ద తప్పు.

గాజుపిచ్చి | సోమవారం, రాత్రి 10:05

దయచేసి కరిగించవద్దు. రేపు పొద్దున మళ్లీ ఏ షాపుకూ తీసుకెళ్లవద్దు. ముందు ఇది చదవండి.

ఆ అచ్చులే మీ లాకెట్ జాతకం. మనకు 22 క్యారెట్ అలవాటు కాబట్టి 62.7 అనగానే కల్తీ అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 1854లో 9, 12, 15 క్యారెట్ల బంగారానికి కూడా అధికారికంగా ముద్ర వేయడం మొదలుపెట్టారు. 15ని 24తో భాగిస్తే .625. అంటే మెషిన్ చెప్పిన అంకె, వెనక కొట్టిన అంకె ఒకదానికొకటి సాక్ష్యం. కల్తీ చేసేవాడు తన కల్తీ ఎంతో వస్తువు మీద అచ్చు వేసి చెప్పడు.

ఇంకో మాట. 1932లో 12, 15 క్యారెట్లు రెండింటినీ తీసేసి వాటి బదులు 14 పెట్టారు. అంటే మీ లాకెట్ 1854కు, 1932కు మధ్యలోది. లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయం గుర్తు, 1773 నుంచి అదే. అరిగిపోయిన అచ్చు ఏడాదిని చెప్పే అక్షరం అయ్యుండవచ్చు. పక్కనుంచి టార్చి వేసి ఫోటో తీసి పెట్టండి, ఏటవాలు వెలుగులో అరిగిన గీతలు లేస్తాయి.

ఇక నడుమ రాయి. డికాక్షన్, నెమలి మెడ అన్నారు చూడండి, నేను కుర్చీలోంచి లేచాను. అది సఫిరెట్ అనే గాజు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, యాబ్లొనెత్స్ అనే ఊరుంది. జర్మన్‌లో గాబ్లోంజ్. పూసలు, గాజులు, నగల్లో పొదిగే గాజు రాళ్లు ప్రపంచమంతా పంపిన ఊరు, మన దేశానికి కూడా. ఆ ప్రాంతపు గాజు ఇది. వెలుతురు లోపలినుంచి దాటి వస్తే గోధుమ రంగు, మీద పడి వెనక్కి తిరిగితే నీలం. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడి జర్మన్ మాట్లాడే పనివాళ్లను దేశం నుంచి పంపేశారు, చాలామంది బవేరియా వెళ్లి కొత్త గాబ్లోంజ్ కట్టుకున్నారు. 1950ల నుంచి దీన్ని పోలిన గాజు వచ్చింది కానీ అది మరీ నీలంగా, మెరుపుగా ఉంటుంది. టీ నీళ్లలో నీలిపొగ కలిసినట్టుండే పాత రంగు అందులో కనబడదు.

మాస్టారూ, గాజుకు ధర లేదన్నారు. లాడ్ బజార్లో లక్క గాజుల మీద అద్దాలు పొదిగే వాళ్లను అడగండి, ఏ రంగు గాజు ఏ వెలుగులో పలుకుతుందో చెప్తారు. ఆ చూపుకే ధర.

అవుసలి_ఇంటి_పిల్లోడు | సోమవారం, రాత్రి 11:20

అక్కా, నేను పాతబస్తీలో పొదుగుడు పని చేస్తాను, మా నాయన దగ్గర నేర్చుకున్నా. ఎర్ర రాయి ఎందుకు చచ్చిపోయిందో నేను చెప్తా.

మూడో ఫోటోలో రాళ్ల వెనక బంగారం మూసేసి ఉంది. మన కుందన్ పనిలో, పచ్చి పనిలో రాయి కింద తళుకు రేకు పరుస్తాం, రాయి వెలుగంతా ఆ రేకుదే. ఈ లాకెట్‌లోనూ అంతే, గాజు వెనక సన్నటి రేకు ఉంటుంది. పొదుగు ఎంత బిగువుగా ఉన్నా అంచులో వెంట్రుకవాసి సందు ఉంటుంది. నీళ్లు ఆ సందులో తమంతట తామే లోపలికి పాకుతాయి. మెషిన్ వణుకుడుకు ఇంకా తొందరగా పోతాయి. రేకు నల్లబడితే రాయి బూడిద రంగులో కనిపిస్తుంది. రాయికి ఏమీ కాలేదు, దాని వెనక దీపం ఆరిపోయింది.

మిగతా ఏడు రాళ్లు కాపాడుకో. ఇప్పుడే మెత్తటి బట్ట మీద లాకెట్‌ను బోర్లా పెట్టి గాలి తగిలే చోట రెండు రోజులు వదిలెయ్. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. కుంకుడుకాయ నీళ్లలో వెయ్యమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు. రేకు లేని బంగారు గొలుసుకు అది మంచిదే, దీనికి మాత్రం విషం.

చిలకలపూడి_చెల్లి | మంగళవారం, ఉదయం 7:30

మాది బందరు దగ్గర చిలకలపూడి, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మా ఇంట్లో మూడు తరాలు రోల్డ్ గోల్డ్ పనే. "అది నకిలీ నగ" అని ఎవరైనా అంటే మా తాతకు ఎంత కోపం వచ్చేదో! బంగారమని చెప్పి అమ్మితే నకిలీ, రోల్డ్ గోల్డ్ అని చెప్పి అమ్మితే అది పనితనం, ఇదే ఆయన మాట. మీ లాకెట్ చేసినవాడు గాజును కెంపని చెప్పలేదు. తెలిసే, ఆ రంగు కోసమే 15 క్యారెట్ల బంగారంలో కూర్చోబెట్టాడు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:15

చెల్లెమ్మ మాట బాగుంది. కానీ ఒక అనుమానం. అసలు అక్కడ వేరే రాయి ఉండి, అది ఊడిపోయాక ఎవరో గాజు పెట్టి ఉండొచ్చు కదా? పాత నగల్లో అది మామూలే.

గాజుపిచ్చి | మంగళవారం, ఉదయం 8:50

చాలా సరైన ప్రశ్న. పది రెట్ల భూతద్దంతో పొదుగు అంచు చూడాలి. రాయి మార్చినచోట అంచు మీద పనిముట్టు జారిన గీతలు, రాయికీ అంచుకీ మధ్య ఎగుడుదిగుడు కనిపిస్తాయి. రెండో ఫోటోలో అంచు ఒకే ఒరవడిలో, చుట్టూ సమానంగా అరిగి ఉంది. రాయి ఒంపు, అంచు ఒంపు ఒకదానికొకటి కొలిచినట్టు కూర్చున్నాయి. ఫోటో చూసి ఒట్టు పెట్టి చెప్పలేను కానీ, పుట్టినప్పటినుంచీ ఆ రాయే అని నా నమ్మకం.

ఎర్రవాటిని కూడా భూతద్దంతో చూడండి. బొహీమియా గార్నెట్ అనే ఎర్ర రాళ్లకు కూడా పేరున్న దేశం. (గార్నెట్ మనకు కొత్త కాదు, కొత్తగూడెం వైపు గరీబ్‌పేట గుట్టలో దొరికే గార్నెట్‌తో ప్రాచీన కాలంలోనే పూసలు చేశారు.) గాజైతే లోపల గుండ్రటి గాలిబుడగలు, చక్కెర పాకం తిప్పినట్టు సుడులు కనిపిస్తాయి. సాన పట్టిన అంచులు కొంచెం మొద్దుబారి ఉంటాయి. గార్నెట్ అంచు పదునుగా నిలుస్తుంది.

గురువారం_సంత | మంగళవారం, ఉదయం 11:02

సూదితో గీసి చూడండి. గీత పడితే గాజు.

అవుసలి_ఇంటి_పిల్లోడు | మంగళవారం, ఉదయం 11:10

అన్నా, ఆ పని ఎవరికీ చెప్పకు. మామూలు సూదికి గాజు మీద గీత పడకపోవచ్చు, అప్పుడు తప్పు జవాబు వస్తుంది. గట్టి ఆకురాయి ఉక్కుతో గీస్తే పడుతుంది, అప్పుడు వందేళ్ల వస్తువు మీద మచ్చ మిగులుతుంది. కంటితో తేలే పనికి రాపిడి ఎందుకు?

గురువారం_సంత | మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నా, తప్పే. పదిహేనేళ్లుగా జుమ్మేరాత్ బజార్‌కు, ముర్గీచౌక్‌కు తిరుగుతున్నా కాబట్టి ఒక్కమాట చెప్తా. పాత లాకెట్లు మొండి చేతుల్లో పడితే మొదట పోయేది మడతబందు. దీన్ని కత్తితో తెరవకండి. బందుకు ఎదురు వైపు అంచులో చిన్న నొక్కు ఉంటుంది, చూడండి. పాత విజిటింగ్ కార్డు మూల అందులో పెట్టి మెల్లగా తిప్పండి. రాకపోతే ఆపేయండి.

హైకోర్టు_గేటు | మంగళవారం, సాయంత్రం 6:25

అమెరికా సంగతి ఎవరూ ఎత్తలేదు. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు వందేళ్లు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. మీ లాకెట్ 1854, 1932 మధ్యది అంటున్నారు కాబట్టి రెండు వైపులా పడే అవకాశం ఉంది. పురావస్తు శాఖకు చూపించి పురావస్తువు కాదనే ధ్రువపత్రం తీసుకోకుండా కొరియర్‌లో వెయ్యకండి. బాబాయి కూతురికి ఈ విషయం ఇప్పుడే చెప్పండి, ఎవరైనా వచ్చేవాళ్ల బ్యాగులో పెట్టి పంపమని అడగొచ్చు.

హాల్‌మార్క్ గురించి కూడా. మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ గ్రేడుల్లో 15 క్యారెట్ అనేదే లేదు. అందుకే ఇక్కడి షాపుకు దీన్ని నగగా తిరిగి అమ్మడం కుదరదు, కరిగించడం ఒక్కటే దానికి తెలిసిన దారి. ఆ ధర మీ వస్తువు ధర కాదు.

మెట్టుగూడ_మనవరాలు | మంగళవారం, రాత్రి 9:55

ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కల్తీ కాదని అమ్మకు చదివి వినిపించాను. "అయితే షాపులో అంత చిన్నచూపు ఎందుకు చూశారే?" అంది. నాకు ఏడుపొచ్చింది.

లాకెట్‌ను బోర్లా పెట్టి ఆరబెట్టాను. ఏటవాలు టార్చితో తీసిన ఫోటో పెడుతున్నాను, అక్షరం మాత్రం అరిగి నునుపైపోయింది. ఎర్ర రాళ్లలో బుడగలున్నాయి, మూడింటిలో స్పష్టంగా కనిపించాయి. బూడిద రంగు రాయికి కొత్త రేకు వేయించనా?

గాజుపిచ్చి | మంగళవారం, రాత్రి 10:20

వద్దనే నా మాట. ఒక రాయికి కొత్త రేకు వేస్తే అది మిగతా ఏడింటికంటే మెరిసిపోతుంది. ఇన్నేళ్లలో ఏడు రాళ్లకు సమానంగా వచ్చిన వన్నెను ఎవరూ తిరిగి చేయలేరు.

అవుసలి_ఇంటి_పిల్లోడు | మంగళవారం, రాత్రి 10:45

అన్న మాటను కొంత ఒప్పుకోను. రేకు మార్చడం మాకు రోజూ పని. పాత రేకు వన్నె చూసి కొంచెం పొగపట్టించిన రేకు పెడితే తేడా ఇంత అని చెప్పలేరు. మనిషి మెడలో ఉండాల్సిన వస్తువును చచ్చిన రాయితో వదిలేయడం నాకు నచ్చదు.

కానీ ఇది మన 22 క్యారెట్ కాదు. మన బంగారం మెత్తన, అంచు లేపి మళ్లీ ఒత్తితే వింటుంది. 15 క్యారెట్‌లో వేరే లోహం ఎక్కువ, గట్టిగా ఉంటుంది. నూరేళ్ల కింద ఒత్తిన సన్నటి అంచును లేపితే పగలొచ్చు. అందుకని ఈ ఒక్కదానికి ఇప్పుడు చెయ్యి పెట్టవద్దనే చెప్తా. నా పని కాబట్టి చేయిస్తే నాకు డబ్బులొస్తాయి, అయినా వద్దనే చెప్తున్నా.

చిలకలపూడి_చెల్లి | బుధవారం, ఉదయం 6:50

వేసుకోవాలనుకుంటే చీర కట్టుకుని, పౌడరు, సెంటు అన్నీ అయ్యాక చివర్న వేసుకోండి. తీసేటప్పుడు మొదట దీన్నే తీయండి. చెమట కూడా ఆ సందులోకి పోతుంది. దూది బట్టలో చుట్టి, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన పెడితే చాలు. ప్లాస్టిక్ కవర్లో ఊపిరాడకుండా కట్టకండి.

గాజుపిచ్చి | బుధవారం, ఉదయం 9:30

వీలైతే సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లండి. శుక్రవారం సెలవు. అందరూ గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడతారు, మీరు యూరప్ గాజు ఉన్న గదులకు వెళ్లండి. అక్కడ లాకెట్ ఉంటుందని కాదు. మూడో సాలార్‌జంగ్ కోరి సేకరించిన బొహీమియా, వెనిస్ పాత్రల ముందు పది నిమిషాలు నిలబడితే, గాజును రాయికి బదులుగా కాకుండా గాజుగానే ఎలా ప్రేమించారో కంటికి అర్థమవుతుంది. అమ్మను తీసుకెళ్లండి.

మెట్టుగూడ_మనవరాలు | గురువారం, రాత్రి 11:38

తెరుచుకుంది.

విజిటింగ్ కార్డు మూల పెట్టి, లైటు కింద, ఊపిరి బిగపట్టి తిప్పాను. చిన్న టక్ శబ్దం. లోపల రెండు అరలు. ఎడమ వైపు సన్నటి గాజు పలక కింద గోధుమ రంగు జుట్టు, జడలా అల్లి గుండ్రంగా చుట్టి ఉంది. అమ్మ చూసి వెనక్కి జరిగింది, "చచ్చినవాళ్ల వెంట్రుకలు ఇంట్లో ఎందుకు, రేపే తీసెయ్" అంది. మీలో ఎవరికైనా దీని గురించి తెలుసా?

కుడి వైపు అర గురించి రేపు రాస్తాను. నాన్న ఇంకా దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

గాజుపిచ్చి | శుక్రవారం, ఉదయం 6:15

అమ్మగారికి చెప్పండి, భయపడాల్సింది లేదు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో జుట్టు దాచుకోవడం చావుకు మాత్రమే కాదు. భర్త ఊరెళ్తున్నప్పుడు, బిడ్డ బడికి దూరంగా వెళ్తున్నప్పుడు కూడా ఒక పాయ కత్తిరించి లాకెట్‌లో పెట్టుకునేవారు. 1861లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ చనిపోయాక ఆమె నలభై ఏళ్లు నలుపే కట్టింది, అప్పటి నుంచి శోకపు నగలు బాగా పెరిగాయి. కానీ శోకపు నగ అయితే ఎక్కువగా నల్లరాయి, నల్లగాజు, నల్ల ఎనామెల్ ఉంటాయి. మీ దానిలో ఎరుపు, నీలం. ఇది ప్రేమతో దాచుకున్న జుట్టే అని నాకు అనిపిస్తోంది.

మెట్టుగూడ_మనవరాలు | శుక్రవారం, రాత్రి 10:10

కుడి అరలో గాజు పలక లేదు. అందులో చిటికెడు నల్లటి జుట్టు ఉంది, చాలా సన్నది, పట్టుపోగులా ఉంది. దాన్ని కుట్టుదారంతో మూడు చుట్లు చుట్టి ముడి వేశారు. ఎరుపు దారం. నానమ్మ గౌన్ల అంచులకు వాడే దారం రీలు ఇంకా ఆమె మెషిన్ సొరుగులో ఉంది, తెచ్చి పక్కన పెట్టి చూశాం. అదే ఎరుపు.

నాన్నకు మూడో ఏట యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించారట. మొక్కు కాబట్టి అన్నీ స్వామికే ఇచ్చామని నానమ్మ ఎప్పుడూ చెప్పేదట. నాన్న నిన్న రాత్రి ఒక్కమాటే అన్నారు: "అంటే ఒక పాయ దాచుకుందన్నమాట."

అమ్మ ఇక తీసెయ్యమనలేదు. అమెరికాకు ఫోన్ చేసి అమ్మట్లేదని చెప్పింది కూడా అమ్మే.

ఒకే ఒక్క అనుమానం మిగిలింది. ఆ ఎర్ర దారం రంగు వెంట్రుకలకు, బంగారానికి అంటుతుందా? ముడి విప్పాలా?

అవుసలి_ఇంటి_పిల్లోడు | శుక్రవారం, రాత్రి 10:32

విప్పకు అక్కా. ఇన్నేళ్లలో అంటనిది ఇప్పుడు తడి తగలకపోతే అంటదు. తెల్లటి పలచని కాగితం గోరంత ముక్క కత్తిరించి కింద వెయ్యి. మూసేటప్పుడు దారం కొస బందులో పడకుండా చూసుకో.